తడి తగిలాకే ఆమ్లం

మార్టూరులో జాతీయ రహదారి దిగగానే ముందు చెవిన పడేది గ్రానైటు కోత యంత్రాల రొద. బల్లికురవ, చీమకుర్తి క్వారీల రాళ్లు ఇక్కడికొచ్చి పలకలవుతాయి, మెరుపు తేలతాయి. ఆ రొద దాటితే పత్తి చేలు, మిరప కల్లాలు. సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో నేను ఒక హైస్కూలుకు వెళ్లాను. పదో తరగతి పిల్లలకు ఆమ్లాలు, క్షారాల పాఠం అక్కడి మేడం వేరే తీరుగా చెబుతారని విన్నాను. ఫోన్లో ఆవిడ ఒకటే మాట అన్నారు: "ఆమ్లాల పాఠమే అండీ, కానీ నేను నీళ్ల దగ్గర మొదలుపెడతాను."

నేను వెళ్లేసరికి బల్ల మీద పరీక్షనాళిక సిద్ధంగా ఉంది. అడుగున కాస్త ఉప్పు. అందులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఆవిడే స్వయంగా నాలుగు చుక్కలు వేశారు. పొగలాగా హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు లేచింది. దాన్ని తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ గొట్టం గుండా పంపి, చివర పొడి నీలి లిట్మస్ కాగితం పట్టారు. రంగు మారలేదు. అదే కాగితాన్ని తడిపి పట్టగానే ఎర్రబడింది.

"ఇందాక వచ్చిందీ అదే వాయువు, ఇప్పుడు వచ్చిందీ అదే. మరి ఇందాక ఆమ్లం ఎక్కడికి పోయింది?"

తరగతి కాసేపు నిశ్శబ్దమైంది. ముందు బెంచీ అమ్మాయి మెల్లగా అంది: "నీళ్లు తగిలాకే ఆమ్లం అయింది మేడం."

నా దృష్టిలో ఈ పాఠమంతటికీ ఆయువుపట్టు ఆ మాటే. పుల్లగా ఉండేది ఆమ్లం, జారుడుగా ఉండేది క్షారం అని బట్టీ పట్టిన పిల్లలు ఆమ్లత్వం సీసాలో ఉంటుందనుకుంటారు. అది నీటికీ ఆ పదార్థానికీ మధ్య జరిగే వ్యవహారం. హైడ్రోజన్ క్లోరైడ్ అణువు తన హైడ్రోజన్ అయాన్‌ను నీటి అణువుకు అప్పగిస్తే హైడ్రోనియం అయాన్ పుడుతుంది. లిట్మస్‌ను ఎర్రబరిచేది అదే. నీరు ఆ హైడ్రోజన్ అయాన్‌ను ఎందుకు అందుకుంటుంది? నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొద్దిగా రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనావేశం. అందువల్లే ఒక అణువు హైడ్రోజన్ పక్క అణువు ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు పేరే హైడ్రోజన్ బంధం.

దాని బలం ఎంతో చెప్పడానికి మేడం బోర్డు మీద రెండు అంకెలు వేశారు. హైడ్రోజన్ సల్ఫైడ్ అణుభారం 34, నీటిది 18. బరువైనది ఆలస్యంగా మరగాలి. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, నీటికి 100 డిగ్రీలు కావాలి. ఆ పట్టే లేకపోతే మే నెలలో మార్టూరు చెరువు సంగతి అటుంచండి, చలికాలంలోనూ భూమ్మీద ద్రవరూపంలో చుక్క నీరు మిగలదు.

తర్వాత పత్తి వచ్చింది. చేలోంచి తెచ్చిన పత్తి పింజను గిన్నెలోని నీళ్ల మీద వేస్తే తేలింది. మందుల షాపు దూది వేస్తే తడిసి మునిగింది. రెండూ సెల్యులోజే, రెండింటిలోనూ నీటిని పట్టుకునే హైడ్రాక్సిల్ గుంపులు దండిగా ఉన్నాయి. చేలోని పత్తికి మాత్రం పైన పల్చటి మైనపు పొర ఉంది. దూది తయారీలో కాస్టిక్ సోడాతో ఉడికించి ఆ పొరను తీసేస్తారు. విత్తనం సంగతి కూడా మాటల్లో వచ్చింది. గింజకు అంటుకున్న నూగు పోవడానికి కిలో విత్తనానికి 100 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి రెండు మూడు నిమిషాలు కలియబెట్టి, వెంటనే బాగా కడిగి, సున్నపు నీటితో మిగిలిన ఆమ్లాన్ని తటస్థం చేస్తారు. గాఢ ఆమ్లానికి నీటి మీద ఉండే ఆకలి అంతటిది. ఆమ్లాన్నే నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి తప్ప నీళ్లను ఆమ్లంలో పోయకూడదని మేడం రెండుసార్లు చెప్పించారు.

మిరపకాయ దగ్గర తరగతి రెండు జట్లయింది. మండుతుంది కాబట్టి ఆమ్లమే అన్నారు సగం మంది. మిరప్పొడి నానబెట్టిన నీటిలో పీహెచ్ కాగితం ముంచితే 5 దగ్గర రంగు చూపింది. గెలిచామని ఆ జట్టు చప్పట్లు కొట్టింది. మేడం నిమ్మరసంలో ఇంకో కాగితం ముంచారు: 2. పీహెచ్‌లో ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు పెరుగుతుంది. 1909లో డెన్మార్క్ రసాయనవేత్త సోరెన్‌సెన్ పెట్టిన కొలత అది. "అంటే నిమ్మరసంలో వెయ్యి రెట్లు ఎక్కువ. మంట ఆమ్లానిదే అయితే నిమ్మకాయ ఎంత మండాలి?" చప్పట్లు ఆగిపోయాయి.

మంట కాప్సైసిన్‌ది. మన శరీరంలో వేడిని పసిగట్టే గ్రాహకానికి అది అతుక్కుంటుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కాప్సైసిన్ అణువుకు పొడవాటి హైడ్రోకార్బన్ తోక ఉంది. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్న నీటి అణువులు ఆ తోకకు చోటివ్వవు. నూనె ఇస్తుంది. తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లి గురించి ఒకమ్మాయి చెప్పింది: "మా అమ్మ ఉత్త నీళ్లతో కడిగితే మంట పోదంటది మేడం. ముందు కొబ్బరినూనె రాసుకుని, తర్వాత సబ్బు పెట్టుకుంటది." ఏ పుస్తకం కన్నా ముందే ఆ తల్లి ద్రావణీయత సూత్రాన్ని తన చేతులతో నేర్చుకుంది. ఆ సూత్రానికి పేరు పెట్టి, ఆమె చేసింది సరైనదని కూతురికి బడి చెప్పగలగడం నాకు చాలా పెద్ద విషయంగా తోచింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కిటికీలోని రెండు సీసాలు. రెండింట్లోనూ బోరు నీళ్లు, లీటరుకు 5 గ్రాముల లెక్కన అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఒకదాంట్లో మాత్రం చిటికెడు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. నిమ్మ ఉప్పు ఉన్న సీసా తేటగా ఉంది. రెండోది తుప్పు రంగు తిరిగి అడుగున మడ్డి కట్టింది. ఇక్కడి నల్లరేగడి నేలలో పీహెచ్ మామూలుగా 7.5 నుంచి 8.5 దాకా ఉంటుంది. నేలలో ఇనుము లేక కాదు, క్షారగుణం వల్ల అది కరగని రూపంలో ఉండిపోతుంది. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అందుకే రైతులు అన్నభేదిని ఆకుల మీదే పిచికారీ చేస్తారు. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ ఇనుమును కరగని హైడ్రాక్సైడుగా మారుస్తాయి. నిమ్మ ఉప్పు పీహెచ్‌ను తగ్గిస్తుంది, ఇనుమును పట్టుకుని ద్రావణంలోనే ఉంచుతుంది. "మా నాన్న నిమ్మ ఉప్పు ఎయ్యమంటాడు, ఎందుకంటే ఎయ్యమంతే అంటాడు," అన్నాడు ఒక కుర్రాడు. ఆ ఎందుకుకు జవాబు ఆ సాయంత్రం వాడి ఇంటికి వెళ్తుంది.

మన పాఠ్యక్రమంలో కణాల మధ్య ఆకర్షణ తొమ్మిదిలో వస్తుంది, ఆమ్లాలు పదిలో, హైడ్రోజన్ బంధం వివరంగా ఇంటర్‌లో. ఇంటర్‌లో సైన్సు తీసుకోని పిల్లలకు ఆ చివరి ముక్క ఎప్పటికీ అందదు. మూడూ నీటి గురించిన ఒకే కథ. దాన్ని పదిలోనే కలిపి చెప్పాలని గట్టిగా అనిపించింది. అందుకు కావలసిన సరుకంతా ఇక్కడి పొలాల్లోనే ఉంది.

గంట కొట్టే ముందు ద్రోణాదుల నుంచి వచ్చే అమ్మాయి అడిగింది: "కాగితం రంగు మారకపోతే ఆ నీళ్లు మంచివేనా మేడం?"

కాదన్నారు మేడం. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అక్కడి జనం ఎముకలు వంగిపోవడానికి తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని రాశారు. నీళ్లలో కాల్షియం తక్కువై క్షారగుణం ఎక్కువైన చోట రాళ్లలోని ఫ్లోరైడు మరింతగా కరుగుతుంది. ఆ ఫ్లోరైడుకు రంగుండదు, వాసనుండదు, లిట్మస్‌కూ దొరకదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. దాన్ని తగ్గించే నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం రెండూ వేస్తారు.

"పటిక ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. మరి సున్నం ఎందుకో రేపు చెప్పండి."

రేపటిదాకా ఎవరూ ఆగలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, పటిక నీళ్లు ఆమ్లం అవుతాయేమో, చూద్దామన్నాడు. బీరువాలోంచి పటిక ముక్క తీసి నీళ్లలో కరిగించారు. నీలి లిట్మస్ ఎర్రబడింది.