దడ పుట్టించే పాట పుట్టిన వూరు

భయపెట్టే సినిమాకి డబ్బిచ్చి మరీ వెళతాం. మరి భయపెట్టే పాటకి? ఆ ప్రశ్న వేసుకున్న నలుగురు కుర్రాళ్ళ వూరు చూడాలంటే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వెళ్ళాలి.

తాజ్‌మహళ్ళేమీ కనిపించవు సుమా! బ్రాడ్ స్ట్రీట్‌లో కాలవ మీద ఓ వంతెన. దాని పేరే ‘బ్లాక్ సబ్బాత్ బ్రిడ్జి’. 2019లో అక్కడ వేసిన బెంచీ మీద నలుగురి బొమ్మలూ వున్నాయి - టోనీ అయోమీ, ఆజీ ఆస్‌బోర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్. అందరూ ఆస్టన్ పేటవాళ్ళే.

ఆస్టన్ అంటే ఆ రోజుల్లో ఫ్యాక్టరీల పొగ, మిషన్ల మోత, యుద్ధంలో బాంబులు పడి కూలిన ఇళ్ళ జాగాలు. ఆజీ కొన్నాళ్ళు కబేళాలో పనిచేశాడు.

1965లో టోనీకి పదిహేడేళ్ళు. రేకుల ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇంక వెళ్ళనన్నాడు. పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపింది. అలవాటులేని మిషను దగ్గర నిలబెట్టారు. అంతే... కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి! టోనీది ఎడంచేతి వాటం. గిటారు తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళతోనే!

ఫ్యాక్టరీ మేనేజరు ఓ రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు చెడినా గిటారు వదలని మొనగాడు. టోనీకి ప్రాణం లేచొచ్చింది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. పైన తోలు అంటించాడు. సన్నటి తీగలు కట్టాడు. తరవాత వాటిని వదులు కూడా చేశాడు. శ్రుతి దిగింది, నాదం బరువెక్కింది. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ వింటే తెలుస్తుంది.

బృందం పేరు అప్పట్లో ‘ఎర్త్’. రిహార్సల్ చేసే చోటుకి ఎదురుగానే సినిమాహాలు. అక్కడాడిన బోరిస్ కార్లాఫ్ హారర్ చిత్రం పేరే వీళ్ళ పేరైంది. తొలి ఎల్పీ 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. శుక్రవారం! 13వ తేదీ శుక్రవారమంటే అక్కడివాళ్ళకి హడలు. విమర్శకులు పెదవి విరిచారు. కుర్రకారు మాత్రం కొని, బ్రిటిష్ చార్టుల్లో 8వ స్థానానికెక్కించారు.

2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో నలుగురూ కలిసి ఆఖరిసారి వాయించారు. నిలబడలేని ఆజీ సింహాసనంలో కూర్చుని పాడాడు. అదే నెల 22న కన్నుమూశాడు. 30న ఆయన అంతిమయాత్ర ఆ వంతెన దగ్గర ఆగింది. ఒకప్పుడు కబేళాకి పనికెళ్ళిన కుర్రాడి కోసం వూరు వూరంతా రోడ్డు మీదికొచ్చింది.