ఆపా ఓవెన్‌లో ఈ-3

ఓవెన్ తెర మీద ఏదైనా కోడ్ పడితే, పోయిన పార్ట్ ఏదో మషీనే చెప్పేసిందనుకుంటరు చాలామంది. కోడ్ చెప్పేది ఒక్కటే: ఫలానా చోట నుంచి రావాల్సిన ఖబర్ నాకు సరిగ్గ అందలేదు అని. ఎందుకు అందలేదో దానికి తెలియదు. అది మనమే వెతుక్కోవాలె. రంజాన్‌ల సగం రోజులు మా ఇంట్ల ఈ తలాష్‌లోనే గడిచినయి. ఇప్పుడు మన ఇళ్లల్ల కూడా ఎలక్ట్రిక్ ఓవెన్లు బాగానే ఉన్నయి కాబట్టి, కొందరికైనా పనికొస్తదని రాస్తున్న.

మా చిన్నప్పుడు ఈద్ ముందర నాన్ ఖటాయీ ఇంట్ల కాల్చేది కాదు. అమ్మీ పిండి కలిపి, ట్రేలల్ల పేర్చి ఇస్తే, మేం నెత్తిన పెట్టుకొని బేకరీ భట్టీకి తీస్కపోయేటోళ్లం. భట్టీకి కోడ్ ఉండదు. భట్టీవాలా చెయ్యి అట్ల లోపలికి పెట్టి తీసి, వేడి ఎంతుందో చెప్పేటోడు. ఇప్పటి ఓవెన్‌ల ఆ చెయ్యి పని చేసేది వేలెడంత సన్నటి సెన్సర్. లోపల వెనక గోడకు ఉంటది. వేడి పెరిగిన కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతది. ఆ లెక్క చూసే బోర్డు కాయిల్‌ను ఆన్ చేస్తది, ఆఫ్ చేస్తది. లెక్క తెగిపోయిందంటే, ఇల్లు కాలకుండ మొత్తం బంద్ చేసి కోడ్ చూపిస్తది. మా ఓవెన్ బుక్కుల దానికి పెట్టిన పేరు ఈ-3.

ఓవెన్ ఆపాది. దుల్హాభాయ్ ఇంతెఖాల్ తర్వాత ఇద్దరు పిల్లలతోని మన్సూరాబాద్‌ల మా ఇంటి పై పోర్షన్‌ల ఉంటది. చిట్టీ ఎత్తిన పైసలతోని ఆ ఓవెన్ కొన్నది. నాన్ ఖటాయీ, దిల్‌పసంద్, కేకులు చేసి అమ్ముతది. ఈద్ కోసం 22 కిలోల నాన్ ఖటాయీకి ఆర్డర్లు తీసుకున్నది. సగం మంది అడ్వాన్స్ కూడా ఇచ్చిండ్రు. ఆ పైసల్ల కొంత మైదా, అస్లీ నెయ్యి, ఇలాయిచీకే ఖర్చయింది. అప్పుడు మొదలైంది ఈ-3. మొదటి ట్రే మంచిగనే కాలేది. రెండోదో మూడోదో లోపల ఉండంగ పీ పీ మని మొత్తుకొని ఆరిపోయేది. అరగంట ఆగి వేస్తే మళ్ల ఏం కానట్టు నడిచేది. సగం కాలిన నాన్ ఖటాయీ ఎవరికియ్యాలె?

గల్లీల ఒకామె నజర్ తగిలిందన్నది. ఆపా ఆయతుల్ కుర్సీ చదివి ఊదింది. దానితోపాటు ఒక నోట్‌బుక్ కూడా తీసింది. ఏ టైముకు వేసింది, ఎన్ని డిగ్రీలు, ఎన్నో ట్రే, ఎన్ని నిమిషాలకు కోడ్ పడింది, ఎంతసేపటికి మళ్ల నడిచింది, అన్నీ రాసింది. ఒంటెను కట్టినంకనే తవక్కుల్ అన్న మాట మనకు కొత్త కాదు కదా.

సర్వీస్ వాళ్ల మెకానిక్ పొద్దున వచ్చిండు. ఓవెన్ చల్లగ ఉన్నది. మీటర్ పెట్టిండు. "సెన్సర్ మంచిగనే ఉన్నది సర్, బోర్డు పోయింది. 8,500 అయితది" అన్నడు, నన్ను చూసుకుంట. ఆపా నోట్‌బుక్ ముందర పెట్టి, "బోర్డు పోతే చల్లగ ఉన్నప్పుడు ఎట్ల నడుస్తుంది భయ్యా? రెండో ట్రే దాకా ఎందుకు ఆగుతుంది?" అని అడిగింది. ఆయన జవాబు కూడా నాకే చెప్పిండు: "మేడమ్‌కు అర్థం కాదు సర్." ఓవెన్ ముందర రోజుకు ఐదారు గంటలు నిలబడేది ఎవరు? నేనైతే కాదు. "ఆమె అడిగిన సవాల్‌కు ఆమెకే చెప్పండి" అన్న. ఆయన విజిటింగ్ ఛార్జీ తీసుకొని పోయిండు.

ఆ రాత్రి ఆపా అడ్వాన్సులు వాపస్ ఇచ్చేద్దామన్నది. "అమానత్ రా అది. ఈద్ ముందు రోజు లేదని చెప్తే వాళ్లేం చేస్తరు?" అన్నది. వాపస్ ఇయ్యాలంటే పిల్లల స్కూల్ ఫీజు కోసం దాచిన దాంట్ల నుంచి తియ్యాలె. 8,500 అంటే ఆ ఫీజు మొత్తం పోయినట్టే.

మా మస్జిద్‌ల నమాజ్‌కు వచ్చే చాచా ఒకాయన ఉన్నడు. ఏళ్ల తరబడి ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసిండు. తరావీ అయినంక ఇంటికి పిలుచుకొచ్చిన. ఆయన స్క్రూడ్రైవర్ కన్నా ముందర నోట్‌బుక్ అడిగిండు. రెండు పేజీలు చదివి, "బేటీ, ఆధా కామ్ తో తుమ్‌నే కర్ దియా" అన్నడు. చల్లగ ఉంటే దొరకదు, వేడిల పట్టుకోవాలె అన్నడు. ముందుగాల సాకెట్ చూసిండు. రెండు వేల వాట్ల ఓవెన్ మన 230 వోల్టుల కరెంటు మీద దాదాపు 9 ఆంపియర్లు గుంజుతది. 6 ఆంపియర్ల ప్లగ్‌కు పెట్టొద్దు, 16 ఆంపియర్లదే కావాలె, ఎర్తింగ్ కూడా ఉండాలె. అక్కడ ఏ తక్లీఫ్ లేదు.

తర్వాత 180 డిగ్రీల మీద ఓవెన్ నడిపించిండు. కోడ్ పడంగనే ఎంసీబీ ఆఫ్ చేసి, ప్లగ్ గుంజి, వెనక రేకు విప్పిండు. మా ఓవెన్‌ల సెన్సర్ పీటీ1000 రకంది. సున్న డిగ్రీల దగ్గర 1000 ఓమ్స్, 100 దగ్గర 1385, 180 దగ్గర దాదాపు 1685 చూపించాలె. ఆయన సెన్సర్ మొదట్ల మీటర్ పెట్టిండు. 1600 పైన చూపించి, ఓవెన్ చల్లబడుతున్న కొద్దీ మెల్లగ దిగింది. అంటే సెన్సర్ సలామత్. అదే వైరు బోర్డు దిక్కు పోయే చివర పెట్టి, వైరును కొంచెం కదిలిస్తే మీటర్ లెక్క ఒక్కసారి ఎగిరి మాయమైంది. మధ్యల ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్ వేడికి మెత్తబడి, లోపలి పిన్ను వదులైంది. చల్లగ ఉన్నప్పుడు ఆనుకొని ఉంటది, వేడెక్కితే విడిపోతది. ఆపా అడిగిన సవాల్‌కు జవాబు అదే.

టేపు చుడితే కాదా అని నేనంటే, ఆ వేడికి టేపు కరుగుతదన్నడు. తెల్లారి ఎల్‌బీ నగర్‌ల మెట్రో ఎక్కి కోఠీకి పోయి, గుజరాతీ గల్లీల సిరామిక్ కనెక్టర్, వేడి తట్టుకునే ఫైబర్‌గ్లాస్ వైరు తెచ్చిన. రెండు వందలు కూడా కాలేదు. చాచా 300 తీసుకున్నడు. ఇంకా ఇయ్యబోతే, "మెహనత్ కా ఇత్నాచ్ హోతా" అన్నడు. ఆ రాత్రి ఆపా వరుసగ ఏడు ట్రేలు కాల్చింది. ఒక్కసారి కూడా ఈ-3 పడలేదు. అల్‌హందులిల్లా.

మీ ఇంట్ల కూడా ఇట్లయితే కొన్ని మాటలు యాద్ పెట్టుకోండి. కోడ్ ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు పోతుంది అన్నది రాసిపెట్టండి. వేడిల వచ్చే బీమారీని చల్లటి ఓవెన్‌ల వెతికేటోళ్లను నమ్మి బోర్డు మార్పించకండి. రేకు విప్పే పని తెలిసినోళ్లకే అప్పగించండి. మైక్రోవేవ్ అయితే మరీ జాగ్రత్త, ప్లగ్ తీసినంక కూడా దాని కెపాసిటర్‌ల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. సర్వీస్ వాళ్లతోని జగడా అయితే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉన్నది. మషీన్ల రిపేరు వివరాలు ఒక్కచోట దొరకాలని సర్కార్ 2022 డిసెంబర్‌ల రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా పెట్టింది.

చాంద్ రాత్ నాటికి 22 కిలోలు డబ్బాలకెక్కినయి. ఆఖరి డబ్బా ఆపా చాచా ఇంటికి పంపింది. ఆయన పైసలియ్యబోతే తీసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పి పంపింది.