మెయిల్ ఆగింది ఎవరి వల్ల?

మేము మొయినాబాద్ దగ్గర హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నం. మా రూంలో జరిగిన ఒక సంగతి రాస్తున్నం, కొంచెం సిగ్గుతోనే.

మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. స్కాలర్‌షిప్ ఫారంలో మెయిల్ అడిగితే ఎవ్వరికీ లేదు. సీనియర్ అన్న ఒక జీమెయిల్ చేసి ఇచ్చిండు, అందరం అదే రాసినం. అన్న చదువైపోయి తండాకు పోయిండు. కొత్తగా లాగిన్ అయితే కోడ్ ఆయన ఫోన్‌కే పోతది, అక్కడ సిగ్నల్ ఉండదు. అందుకే ముందే థండర్‌బర్డ్‌లో మెయిల్ పెట్టుకున్న పాత లాప్‌టాప్‌లే మాకు దిక్కు.

రెన్యువల్‌కు రెండు రోజులుందనంగ మెయిల్ తెరుచుకోలేదు. బోనఫైడ్ స్కాన్‌లన్నీ అందులోనే. అప్పుడే నాలుగో లాప్‌టాప్ తెచ్చుకున్న ఫస్టియర్ తమ్ముని మీద పడ్డం. "నువ్వే పాస్‌వర్డ్ మార్చినవ్ రా" అన్నం. "మారిస్తే పొద్దున ఒక్కరే తెరిచినప్పుడు ఎట్ల వస్తుందన్నా? రాత్రి అందరం కూర్చుంటేనే కదా రాంది" అన్నడు. మేము వినలే. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు.

తెల్లారి మర్రిచెట్ల రోడ్డు మీద బస్సెక్కి చేవెళ్ల పోయినం. నెట్ సెంటర్ అన్నకు ఫోన్‌లో ఫోటో చూపించినం. 'టూ మెనీ సైమల్టేనియస్ కనెక్షన్స్' అని డబ్బాలో రాసే ఉంది. ఇంగ్లీషు కనబడంగనే చదవకుండ ఓకే కొట్టుడు మా అలవాటు.

సంగతి ఇది. థండర్‌బర్డ్ ఒక్కటే లైను కాదు, ఇన్‌బాక్స్‌కొకటి, వేరే ఫోల్డర్‌కొకటి అని 5 లైన్ల దాకా తెరిచి పట్టుకుంటది. జీమెయిల్ ఒక ఖాతాకు ఒకేసారి 15 ఐమ్యాప్ లైన్లే ఇస్తది. మూడు లాప్‌టాప్‌లకు 15, సరిపోయింది. నాలుగోది వస్తే 20. తమ్ముని లాప్‌టాప్‌తోనే నిండింది, నిజమే. కానీ బస్సు నిండితే చివరికి ఎక్కినోని తప్పా?

రూంకొచ్చి అన్నిట్ల థండర్‌బర్డ్ పూర్తిగా మూసినం (మూత వేస్తే చాలదు, సర్వర్ దగ్గర పాత లైను కొంతసేపు అట్లనే ఉంటది). అకౌంట్ సెట్టింగ్స్, సర్వర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లకు పోయి 5 ఉన్నచోట 2 పెట్టినం. నాలుగింటికి కలిపి 8. మెయిల్ వచ్చింది, స్కాన్‌లు దింపుకుని రెన్యువల్ చేసినం.

తమ్మునికి సారీ చెప్పినం. "సరే అన్నా" అన్నడు. తర్వాత తన నంబరుతోనే సొంత మెయిల్ చేసుకున్నడు. పాస్‌వర్డ్ మాకు చెప్పలేదు.