మందుకు ముందు ఒక రోజు

అక్కకొడుకుకి పదకొండేళ్లు. తగ్గని జ్వరం, ఒంటిమీద నీలం మచ్చలు. రక్తపరీక్షలో తెల్లకణాలు 1,20,000 అని తేలింది. మామూలుగా పది, పదకొండు వేలు దాటవు. బ్లడ్ క్యాన్సర్, అందులో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. కర్మన్‌ఘాట్‌లో అక్కావాళ్లింట్లో ఆ రాత్రి పొయ్యి వెలగలేదు.

ఆసుపత్రిలో చేర్చాక కీమో వెంటనే మొదలుపెట్టలేదు. సెలైన్ మాత్రం ఆపకుండా ఎక్కిస్తున్నారు. "జబ్బు ఇంత ముదిరితే మందు ఆపుతారేంటి సార్?" అని అక్క నిలదీసింది.

"మందు బాగా పనిచేయడమే ఒక్కోసారి ప్రమాదం అమ్మా" అన్నారాయన. "క్యాన్సర్ కణాలన్నీ ఒక్కసారిగా పగిలితే లోపలి సరుకంతా రక్తంలోకొస్తుంది. యూరిక్ యాసిడ్ మూత్రపిండాల్లో పేరుకుంటుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఫాస్ఫరస్ పెరిగి కాల్షియం పడిపోతే ఫిట్స్ రావచ్చు."

దాని పేరు ట్యూమర్ లైసిస్ సిండ్రోమ్. అది ఎవరికి రావచ్చో ముందే అంచనా కట్టొచ్చట. ఈ రకం లుకేమియాలో తెల్లకణాలు లక్షకు చేరినా, ఎల్‌డీహెచ్ అనే పరీక్ష మామూలు గరిష్ఠానికి రెట్టింపైనా ముప్పు ఎక్కువేనని 2010లో అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. మూత్రపిండాలు సరిగా లేకపోతే ముప్పు మరో మెట్టు పెరుగుతుంది. మావాడు ఎక్కువ ముప్పున్నవాళ్లలోనే పడ్డాడు. యూరిక్ యాసిడ్‌ను కరిగించే రాస్‌బ్యురికేస్ ఇంజెక్షన్ ఇచ్చారు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు అది ఎర్రకణాలను చిదిమేస్తుంది కనుక ముందు ఆ పరీక్షా చేశారు.

రోజుకు మూడు నాలుగుసార్లు రక్తం తీసేవారు. అందులో చూసే ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి రూపొందించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అటు కొలతలోనూ ఇటు మందులోనూ మనవాడి చేయి ఉందన్నమాట.

మాకూ పని అప్పగించారు. మూత్రం ఎంత వస్తోందో కొలిచి రాయాలి. అక్క పిల్లాడి లెక్కల నోటుబుక్కు చివర గీతలు గీసి వేళతో సహా రాసింది. చూడవచ్చినవాళ్లు తెచ్చిన కొబ్బరినీళ్లు, పళ్లరసాలు మాత్రం పక్కన పెట్టాం. వాటిలో పొటాషియం ఎక్కువ.

మర్నాడు కీమో మొదలైంది. వారం తిరిగేసరికి ఆ గండం గడిచింది. అసలు చికిత్స రెండేళ్లకు పైనే.

మీవాళ్లకెవరికైనా ఇలా మందు ఒక రోజు ఆగితే కంగారుపడకండి. "ముప్పు ఏ మేరకు ఉంది? మేం ఏం కొలవాలి?" అని అడగండి. ఆ రోజు వృథా కాదు.