రెండవ కీపరు

మా కళింగపట్నంలో దీపస్తంభం దగ్గర ఇసుక మీద టెన్నిస్ బంతితో మొదలుపెట్టిన పిల్లలు, ఇప్పుడు కార్కు బంతితో పొరుగూళ్లకు వెళ్లి ఆడేవరకు వచ్చారు. ఆ జట్టును చూసుకునే పని నా మీద పడింది. మా చిన్నబ్బాయి అందులో రెండవ వికెట్ కీపరు. అంటే నీళ్లు మోయడం, సంచి కాయడం అన్నమాట.

కిందటేడు ఒక పోటీలో మొదటి కీపరుకు వేలు వాచిపోతే మావాడికి గ్లౌజులు ఇచ్చాము. మూడు క్యాచీలు వదిలేశాడు. ఓడిపోయాము. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, "నాన్నా, నానింక ఆడను" అన్నాడు. వాళ్లమ్మ నావైపు చూసింది. ప్రియ చదువరులారా, తప్పు వాడిది కాదు. రెండేళ్లలో సాధన వేళ వాడికి నేను గ్లౌజులిచ్చింది ఎన్నిసార్లు గనుక? ఉన్నవాడు బాగానే పడుతున్నాడు గదా, రెండోవాడి మీద శ్రమ ఎందుకని ఊరుకున్నాను.

అప్పుడు కోన శ్రీకర్ భరత్ గుర్తుకు వచ్చాడు. విశాఖలో పెరిగిన ఈ కుర్రవాడు 2015లో ఒంగోలులో గోవా మీద 308 పరుగులు చేశాడు. రంజీ ట్రోఫీలో మూడు వందలు దాటిన మొదటి వికెట్ కీపరు అతడే. అయినా భారత జట్టులో చాలాకాలం బెంచీ మీదే ఉన్నాడు. 2021 నవంబరు 27న కాన్పూరులో న్యూజిలాండుతో టెస్టు మూడవ రోజున వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేసింది. గ్లౌజులు భరత్‌కు వచ్చాయి. (వెనుక అయితే ఇదీ కుదిరేది కాదు. బదులుగా వచ్చినవాడు అంపైర్ల అనుమతితో కీపింగు చేయవచ్చునని 2017లోనే నిబంధన మార్చారు.) బంతి లేవని పిచ్చి. అశ్విన్ బౌలింగులో విల్ యంగ్ క్యాచిని నేలకు దగ్గరగా పట్టాడు. అంపైరు ఇవ్వలేదు. భరత్ మాట మీద రహానే రివ్యూ అడిగితే ఔటని తేలింది. తరువాత రాస్ టేలర్ క్యాచి, 95 మీదున్న టామ్ లాథమ్ స్టంపింగు. స్కోరు పుస్తకంలో మాత్రం అతడు 'సబ్' మాత్రమే.

ఆ నేర్పు ఆ ఉదయం వచ్చింది కాదు. రోజుకు 90 ఓవర్లంటే 540 సార్లు వంగి లేవాలి. ఆంధ్ర జట్టుకు, భారత్-ఎ జట్టుకు అతడు ఏళ్ల తరబడి ఆ పని చేసి ఉన్నాడు.

జట్టుకు లాభమే. మరి అతనికో? 2022 డిసెంబరులో రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక, 2023 ఫిబ్రవరిలో నాగపూరులో టెస్టు టోపీ దక్కింది. 7 టెస్టులయ్యాక, 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోటలో ఆ చోటు ధ్రువ్ జురెల్‌కు వెళ్లింది. తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. రెండవవాడిని తయారుచేయడం జట్టుకు దండగ కాదని నేను గట్టిగా చెప్పగలను. కాని ఆ ఖర్చులో పెద్దపాలు ఆ కుర్రవాడే పెట్టుకుంటున్నాడు. వట్టి బెంచీ చూపించి అంత అడగడం అన్యాయం.

ఇప్పుడు సాధనలో మూడు రోజులకొక రోజు గ్లౌజులు మావాడివి. "సొంత కొడుకని కదేటి మాస్టారూ" అని టీ కొట్టు దగ్గర ఒకరిద్దరు అననే అన్నారు. పడ్డాను. మొదటి కీపరు వేలు నయమైంది, పోటీల్లో వాడే ఆడుతున్నాడు. మావాడు మళ్లీ సంచి దగ్గరే. నిన్న రాత్రి పడుకోబోతూ అడిగాడు, "నాన్నా, రేపు నా రోజే గదా?"