చచ్చాక మొదలయ్యే ఆట

కౌంటర్-స్ట్రైక్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమయం, తూటా తగిలి చచ్చిపోయాక వచ్చేది. తుపాకీల ఆటంటే ఎంతమందిని కాల్చామన్నదే లెక్క అనుకునేవాళ్లకు ఈ మాట వింతగా ఉంటుంది. కానీ దీన్ని జట్టు ఆటగా నిలబెట్టింది ఆ కాసేపేనని నా గట్టి నమ్మకం.

అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక పక్షం ‘ఎ’, ‘బి’ అనే రెండు చోట్లలో ఎక్కడో ఒకచోట బాంబు పెట్టాలి, రెండో పక్షం ఆపాలి. రౌండుకు ఒక్కటే ప్రాణం. కబడ్డీలో అవుటై గీత బయట కూర్చున్నవాడు, మనవాళ్లు అవతలివాణ్ణి పట్టగానే మళ్లీ లోపలికొస్తాడు. ఇక్కడ ఆ దారి లేదు. పోయినవాడు రౌండు ముగిసేదాకా పోయినవాడే. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్-లైఫ్ ఆటకు మార్పులు చేసి దీన్ని తయారుచేసే నాటికి, చచ్చినవాడు మరుక్షణమే లేచి పరిగెత్తే షూటర్లే ఎక్కువ. ప్రాణం ఒక్కటే అయ్యేసరికి ప్రతి మలుపు దగ్గరా కాలు ఆచితూచి పడుతుంది. పక్కవాడి ప్రాణం విలువ కూడా తెలిసొస్తుంది.

చచ్చాక తెర మీద మిత్రుడి చూపు మన చూపవుతుంది. అతను ఏ మూల చూస్తున్నాడో, ఎంత ఆరోగ్యం మిగిలిందో, తుపాకీలో ఎన్ని గుళ్లున్నాయో అన్నీ కనిపిస్తాయి. మనల్ని చంపినవాడు ఎక్కడున్నాడో మనకు తెలుసు. ఆ కబురు రెండు ముక్కల్లో అందించాలి: “లాంగ్ దారిలో ఒకడు, సగం ప్రాణంతో ఉన్నాడు.” అక్కడితో ఆగాలి. ఎందుకంటే ఈ ఆటలో పరిగెత్తితే అడుగుల చప్పుడు వినిపిస్తుంది, మెల్లగా నడిస్తే వినిపించదు. ఇద్దరు ముగ్గురు శత్రువుల మధ్య ఒంటరిగా మిగిలినవాడికి చెవులే కళ్లు. అప్పుడు నలుగురు చచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చోవడం కూడా అతనికి చేసే సాయమే. చెప్పాల్సింది చెప్పి, తర్వాత నోరు కట్టేసుకోగలిగినవాణ్ణి నేను మంచి గురిగాడి కంటే ముందు నా జట్టులోకి తీసుకుంటాను.

మా ఇంజనీరింగ్ హాస్టల్లో గదిగదికీ ల్యాన్ కేబుల్ పాకించుకుని 1.6 వెర్షన్ ఆడేవాళ్లం. ఎప్పుడూ డస్ట్2 మ్యాపే. డేవ్ జాన్‌స్టన్ 2001లో గీసిన ఆ ఇసుకరంగు వీధుల్ని ప్రపంచం ఇప్పటికీ ఆడుతోంది. అప్పటి స్కోరుబోర్డులో చంపినవి, చచ్చినవి మాత్రమే ఉండేవి. వెనక నిలబడి గోడ మీదుగా ఫ్లాష్ విసిరి శత్రువు కళ్లు బైర్లు కమ్మేలా చేసినవాడి పని ఎక్కడా నమోదయ్యేది కాదు. ఆ వెలుగులో లోపలికి దూకినవాడి పేరే పైకెక్కేది. అయినా ప్రతి మంచి జట్టులోనూ అలా విసిరేవాడు ఒకడుండేవాడు. మా వింగులో అతను లేని సాయంత్రం ఎదురుదాడి ఏదీ సాగేది కాదు.

డబ్బు సంగతి మరీ గొప్పది. మొదటి రౌండుకు తలా 800 డాలర్లు ఇస్తారు. ఏకే-47 కొనాలంటే ఇప్పటి ఆటలో 2700. గెలిస్తే ఎక్కువ, ఓడితే తక్కువ, వరసగా ఓడుతుంటే ఓదార్పుగా కాస్త పెంచి ఇస్తారు. అందుకే ఒక్కోసారి ఐదుగురూ అనుకుని ఈ రౌండు ఏమీ కొనకుండా పోగొట్టుకుంటారు, వచ్చే రౌండులో అందరూ కలిసి నిండుగా దిగడానికి. నలుగురు దాస్తుంటే ఒక్కడు తన సరదాకి తుపాకీ కొన్నాడంటే రెండు రౌండ్లూ చెడతాయి. డబ్బు మిగిలినవాడు ఇంకో తుపాకీ కొని లేనివాడి ముందు పడేస్తాడు. “డ్రాప్ చెయ్ మామా” అని అడిగించుకోకుండానే పడేసేవాళ్లుంటారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం.

బాంబు పెట్టాక పేలడానికి ఇప్పటి ఆటలో 40 సెకన్లు. ఉత్త చేతులతో దాన్ని ఆపడానికి 10 సెకన్లు పడుతుంది, కిట్ ఉంటే 5. కిట్ ధర 400. గన్ను కాదు, బాంబు కాదు, ఎవరినీ చంపదు కాబట్టి దాన్ని కొనడానికి చాలామందికి చేయి రాదు. కానీ కొన్నవాడు చచ్చిపోతే కిట్ అక్కడే నేల మీద పడుతుంది, బతికున్నవాడు తీసుకోవచ్చు. పరుగున వచ్చి దాన్ని అందుకుని, ఆరేడు సెకన్లు మిగిలిన బాంబును ఆపినవాణ్ణి చూస్తే, గెలిచింది ఇద్దరని ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో కొలోన్ పోటీలో ఫ్నాటిక్ జట్టు ఆటగాడు ఓలోఫ్‌మైస్టర్ మంటల్లో కాలుతూనే బాంబును ఆపాడు. ఆ జ్ఞాపకంగా, ఈ ఆటను నడిపే వాల్వ్ సంస్థ ఓవర్‌పాస్ మ్యాప్‌లో ఒక గోడ బొమ్మ పెట్టింది. ఇంత పెద్ద తుపాకీల ఆటలో గోడకెక్కినది, బాంబు ఆపిన ఘడియ! నాకది ఎంతో నచ్చింది.

మన పిల్లలకు ఇప్పుడు బాగా తెలిసింది ఫోన్‌లో ఆడే బీజీఎంఐ. 2020లో మన దేశంలో పబ్‌జీని నిషేధించాక, దాని బదులుగా 2021లో వచ్చింది. వందమందిలో నలుగురి జట్టు. కిందపడ్డవాడి పక్కన ఇంకొకడు మోకరిల్లి లేపొచ్చు. అందులోనూ ప్రేమ ఉంది, కాదనను.

ఈ ఆటల్లో నన్ను నిజంగా బాధపెట్టేది తుపాకీ కాదు, మైకు. ఓడుతున్న జట్టులో బూతులు మొదలవుతాయి. మాట్లాడుతున్నది అమ్మాయి అని గొంతును బట్టి తెలిస్తే అవి ఇంకా నీచమవుతాయి. అందుకని ఆమె మాట్లాడటమే మానేస్తే, శత్రువు ఎక్కడున్నాడో చెప్పే ఐదింట ఒక గొంతు పోయినట్టే. అలాంటివాణ్ణి మ్యూట్ చేస్తే సరిపోదు, రిపోర్ట్ చేయాలి. ఆ మాట తప్పని అక్కడికక్కడే మిగతా ముగ్గురూ అనాలి కూడా.

మా హాస్టల్ జట్టులో ఒకడిప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఇప్పటికీ కలిసి ఆడతాం: అతనికి శనివారం పొద్దున, మాకు రాత్రి. సర్వరు ముంబైలో ఉంటుంది కాబట్టి అతని తూటా పావు సెకను ఆలస్యం. ముఖాముఖి కాల్పుల్లో నెగ్గలేడు. అందుకే పొగ గ్రెనేడ్లు, ఫ్లాష్‌లు, డబ్బు లెక్కలు అతని వంతు. మాకంటే ముందే చచ్చిపోతాడు. ఆ తర్వాత రౌండు నడిపేది అతనే. ఎవరు ఎటు తిరగాలో, ఎవరి కిట్ ఎక్కడ పడుందో చెబుతూ ఉంటాడు: “నాది బి తలుపు దగ్గరుంది, తీస్కో, ఇంకా టైముంది.”