కుందూ గట్టు నుంచి గుండ్లకమ్మ దాకా

ఉయ్యాలవాడ అనగానే అందరికీ 'సైరా' సినిమానే గుర్తొస్తుంది. ఆఫీసులో ఊరి పేరు చెబితే చాలు, "నరసింహారెడ్డి ఊరా?" అంటారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని కంపెనీవాళ్లు ఉరితీశారు. కానీ మా ఊళ్లో పెద్దవాళ్లు ఇంకో పేరు కూడా అంతే గర్వంగా చెబుతారు. బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆకలితో నడిచొచ్చినవాళ్లకి గంజి కాయించి పోయించిన మనిషి. విక్టోరియా రాణి పేరు మీద ఆయనకి బంగారు పతకం కూడా వచ్చింది. అంటే మా ఊరికి గొప్పతనం కొలిచే కొలతలు రెండు: ఎవరు ఎదురు తిరిగారు, ఎవరు అన్నం పెట్టారు.

జనవరిలో మా టీంలో పనిచేసే ఫ్రెండ్ ఒకడు నాతోపాటు ఊరికొచ్చాడు. నల్లరేగడి పొలాల్లో శనగ పచ్చగా ఉంది. కుందూ గట్టు మీద నడుస్తుంటే వాడు అడిగాడు: "మీ వెంగళరెడ్డి గంజి పోసేటప్పుడు వరసలో నిలబడ్డోళ్ల కులం అడిగాడంటావా?"

వాడు ఊరికే అడగలేదు. వాడిది మార్కాపురం వైపు, తాత ముత్తాతల నుంచి బాప్టిస్టు కుటుంబం. చిన్నప్పటి నుంచి చర్చిలో పాటలు పాడినవాడు. తను గే అని రెండేళ్ల క్రితం ఇంట్లో చెప్పాడు. ఆ తర్వాత ఓ ఆదివారం ప్రసంగమంతా వాడి మీదే నడిచింది, పేరు ఒక్కటే చెప్పలేదు. అప్పటినుంచి చర్చికి పోవడం మానేశాడు. "దేవుణ్ణి వదల్లేదు రా, బెంచీని వదిలేశా" అంటాడు.

వెల్లంపల్లి చూడాలన్నది వాడి కోరిక. నాకూ రెండు రోజులు లీవు ఉంది. బయల్దేరాం.

నంద్యాలలో ఒక ఆగుడు

బాప్టిస్టు అంటే ఏంటో దారిలో వాడే చెప్పాడు. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. వయసొచ్చాక, ఎవరికి వాళ్లు నమ్మి అడిగితేనే నీళ్లలో పూర్తిగా ముంచి ఇస్తారు. విశ్వాసం వారసత్వంగా రాదు, ఒకరి తరఫున ఇంకొకరు సంతకం పెట్టలేరు. ప్రతి సంఘం తన నిర్ణయాలు తనే తీసుకుంటుంది, బిషప్ ఉండడు. ఇంకోటి, రాజ్యం మనిషి మనస్సాక్షి జోలికి రాకూడదు. 1612లో థామస్ హెల్విస్ అనే ఇంగ్లిష్ బాప్టిస్టు ఈ మాటే పుస్తకంగా రాశాడు. రాజు కూడా మామూలు మనిషే, ప్రజల ఆత్మల మీద ఆయనకి అధికారం లేదు అన్నాడు. ఆ స్వేచ్ఛ తన మతంవాళ్లకే కాదు, ముస్లింలకీ యూదులకీ కూడా ఉండాలన్నాడు. చివరికి జైల్లోనే చనిపోయాడు.

నంద్యాలలో హోలీ క్రాస్ కెథడ్రల్ దగ్గర ఆగాం. ఇది బాప్టిస్టులది కాదు, సీఎస్ఐ వాళ్లది. కానీ 2013 సెప్టెంబర్‌లో ఎగ్గోని పుష్పలలిత ఇక్కడ బిషప్ అయ్యారు. సీఎస్ఐ మొత్తంలో మొదటి మహిళా బిషప్. ఢిల్లీలోనో చెన్నైలోనో కాదు, మన నంద్యాలలో! ఆడవాళ్లు పాస్టర్లు కావచ్చని సీఎస్ఐ ఒప్పుకుంది 1970ల్లో. ఒక తలుపు తెరుచుకున్నాక దానిలోంచి లోపలి గది దాకా నడవడానికి ఇంకో ముప్పై ఏళ్లకి పైగా పట్టిందన్నమాట.

బోగద దాటితే

నంద్యాల నుంచి గుంటూరు లైన్ రైలు ఎక్కండి. కిటికీ సీటు దొరికితే అదృష్టం. చలమ, బోగద సొరంగం, దిగువమెట్ట... నల్లమల మధ్యలోంచి పోతుంది. అడవి అయిపోయాక వచ్చే స్టేషన్ల పేర్లు చూడండి: కంభం, మార్కాపురం రోడ్, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట. ఇవన్నీ ఒకప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాలే. గుండ్లకమ్మ నది కూడా ఈ నల్లమలలోనే, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, ఒంగోలు వైపు పోతుంది. మా కుందూ కొండకి ఇటు, గుండ్లకమ్మ అటు.

మేం మార్కాపురం రోడ్‌లో దిగి, పొదిలి మీదుగా ఒంగోలు బస్సెక్కాం.

ఈ కథ 1836లో మొదలైంది. ఆ ఏడాది శామ్యూల్ డే వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. చాలా ఏళ్లపాటు చెప్పుకోదగ్గంత మంది చేరలేదు. 1853లో అమెరికాలో ఈ మిషన్ మూసేద్దామా అని చర్చ కూడా జరిగింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాక కథ మారింది. అదే ఏడాది యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తోలు పని చేసే మాదిగ, అప్పటికే రాజయోగం సాధన చేసినవాడు. ఆయన వెంట ఊళ్లకి ఊళ్లు కదిలాయి.

మిషనరీలు వచ్చాకే మన దగ్గర సమానత్వం మొదలైందనుకుంటే పొరపాటు. వీరబ్రహ్మం గారి దగ్గర దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య శిష్యులని మా ప్రాంతంలో చిన్నపిల్లలకీ తెలుసు. పేరయ్య లాంటివాళ్లు వెతుకుతున్నది అంతకుముందే వెతుకుతున్నారు.

క్లౌ తన పుస్తకంలో ఒక సంగతి రాసుకున్నాడు. ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు మిషన్ మీద ఆసక్తి చూపించారు, కానీ మాదిగల్ని చేర్చుకోవద్దన్నారు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు వస్తే స్కూలు, డబ్బు, పేరు అన్నీ వస్తాయి. ఆ రాత్రి ఆయనా ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనిపించిందట. లోకం నీచులని తోసేసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు కొరింథీయులకి రాసిన భాగం. మాదిగల్ని వదల్లేదు. పై కులాలవాళ్లే వెనక్కి తగ్గారు.

తర్వాత 1876-78 ధాత కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అన్నాచెల్లెలు కాదు, అక్కాతమ్ముడు

1894లో క్లౌ రెండో పెళ్లి చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్, మాదిగల జీవితం మీద 1899లో పుస్తకం వేసింది. ఆమె తమ్ముడు వాల్టర్ న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అనే పేదల పేటలో బాప్టిస్టు పాస్టర్. ఆత్మని రక్షించి మనిషిని మురికివాడలో వదిలేస్తే అదేం సువార్త అని అడిగినవాడు. 1907లో ఆయన రాసిన పుస్తకం తన మీద చెరగని ముద్ర వేసిందని మార్టిన్ లూథర్ కింగ్ చెప్పుకున్నాడు. కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే. అక్క ఒంగోలులో, తమ్ముడు న్యూయార్క్‌లో.

1992లో ఇంకో మలుపు. మనవాళ్లు బోలెడంతమంది ఉండే నార్త్ కరోలినాలోని రాలీలో పుల్లెన్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి సభ్యులు ఓటేసుకుని, ఇద్దరు మగవాళ్ల బంధాన్ని ఆశీర్వదించడానికి ఒప్పుకున్నారు. సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ఆ చర్చిని బయటికి పంపింది. కానీ మూయించలేకపోయింది, ఎందుకంటే బాప్టిస్టు సంఘం తనకి తనే యజమాని. ఈరోజుకీ అది నడుస్తోంది.

ఇదే సూత్రం ఇంకోలా కూడా పనిచేస్తుంది. మా ఫ్రెండ్‌ని బయటికి నెట్టిన సంఘానిదీ సొంత నిర్ణయమే. "స్వేచ్ఛ ఇచ్చాక అది మంచిగానే వాడతారని గ్యారంటీ లేదు రా" అన్నాడు వాడు. మాల చర్చి, మాదిగ చర్చి అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కులం కాలమ్ ఇంకా ఉంది. మతం మారిన దళితుడు 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కాదు, మన రాష్ట్రంలో బీసీ-సి. ఊళ్లో మాత్రం అందరికీ వాడి పాత పేటే గుర్తుంటుంది.

నది ఒడ్డున

వెల్లంపల్లిలో పెద్ద హడావుడేమీ ఉండదు. టూరిస్టు స్పాట్ అనుకుని వెళ్తే నిరాశే. ఉన్నది నది. ఆ రోజు అక్కడ వరసలో నిలబడ్డ 2,222 మందిలో చాలామందిని గుడిలోకి రానివ్వలేదు, బావి దగ్గర నీళ్లు తోడనివ్వలేదు. వాళ్లని లోపలికి తీసుకోవడం అప్పట్లో ఎంత 'ప్రోగ్రెసివ్' పనో ఊహించుకోండి. పరువు పోతుందన్నారు, పెద్దవాళ్లు దూరమవుతారన్నారు. ఇవాళ మా వాడి గురించి అంటున్నవీ అవే మాటలు. వాళ్ల ముని మనవళ్లే అంటున్నారు, అదే బాధ.

వాడు నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి కాసేపు నిలబడ్డాడు. ఫొటో తియ్యమనలేదు.

బాప్టిస్టు లెక్కలో సంఘం మొదలవ్వాలంటే పైనుంచి పర్మిషన్ అక్కర్లేదు. నమ్మినవాళ్లు కొందరు ఒకచోట కూడి, ఒకరికొకరు మాటిచ్చుకుంటే చాలు. ఫిబ్రవరి నుంచి హైదరాబాద్‌లో వాడి ఫ్లాట్‌లో ఆదివారం సాయంత్రాలు నలుగురు కలుస్తున్నారు. పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు, తర్వాత అందరికీ అన్నం. నేను క్రైస్తవుణ్ణి కాదు, అయినా భోజనానికి వెళ్తుంటా. తలుపు దగ్గర ఎవరూ ఏమీ అడగరు.